రాళ్ళగూడెంలో నాలుగు గదులు

శాసనమండలిలో మూడో నంబరు ప్రశ్న నడుస్తోంది, చేపల చెరువుల మీద. భార్య ప్రేమకుమారిది ఆరోది. అంటే ఇంకో ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. ఈలోగా ఏలీయా చెయ్యాల్సిన పని బొటనవేలు ఒక్కసారి కదపడం, అంతే. మెసేజ్ టైపు చేసే ఉంది. ‘ఒక్క గదికీ శ్లాబు లేదు. గోడలు లేవు. పిల్లర్లు మాత్రమే.’ తొమ్మిదింబావుకి ఈ బడి గేటు దాటి లోపల అడుగుపెట్టగానే చూశాడు, చూడగానే టైపు చేశాడు, చేసి పంపకుండా ఆగాడు. ఎందుకాగాడంటే, మొదట కళ్ళజోడు తుడుచుకుందామని. తర్వాత చుట్టూ ఒకసారి తిరిగి రూఢి చేసుకుందామని. ఆ తర్వాత సిగ్నల్ సరిగా లేదని. సిగ్నల్‌కేం, దివ్యంగా ఉంది. మండలి ప్రత్యక్ష ప్రసారం ఎక్కడా ఆగకుండా, చెరువుల మంత్రి దగ్గుతో సహా వస్తోంది. పాత బిల్డింగు నీడలో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎదురుగా తుప్పుపట్టిన ఊచలు ఆకాశంలోకి పొడుచుకొచ్చిన పిల్లర్లని చూస్తూ, చేతిలో ఫోన్‌ని చూస్తూ, ఏలీయా తనకు తాను చెప్పుకున్నాడు, ఇంకా టైముంది.

కుర్చీ వేసింది జాయిస్. ఈ హైస్కూలుకి ఇన్‌ఛార్జి హెడ్‌మిస్ట్రెస్. ఒకప్పుడు జగ్గయ్యపేట డివిజన్లో అతను ఉపాధ్యాయ సంఘం మీటింగులు పెడితే చివరి వరసలో కూర్చుని నోట్సు రాసుకునే పిల్ల. ఇందాక గేటు దగ్గరికి ఎదురొచ్చి, స్టాఫు నలుగురినీ పిలిచి, ముఖం వెలిగిపోతుంటే పరిచయం చేసింది. "మేడమ్‌గారి సార్ వచ్చారు." మేడమ్‌గారి సార్! ముప్పై నాలుగేళ్ళు సర్వీసు, పన్నెండేళ్ళు సంఘం ప్రెసిడెంటు, బందరులో రెండుసార్లు అరెస్టు. ఏలీయా మాస్టారంటే నందిగామ నుంచి గరికపాడు చెక్‌పోస్టు దాకా ఏ బడి గుమ్మంలోనైనా లేచి నిలబడేవారు. ఇప్పుడు మేడమ్‌గారి సార్. పిల్ల తప్పేం లేదు. దానికి తెలిసిన భాష అది. లెక్కల మాస్టారొకాయన చెయ్యి కలిపి, "మొన్న మేడమ్‌గారు మాట్లాడింది మా ఆవిడ నాలుగుసార్లు చూసిందండి" అన్నాడు. ఏలీయా నవ్వాడు. ఈ రెండేళ్ళలో ఈ నవ్వు బాగా అలవాటైంది. పెదవులు చాలు దానికి.

పొద్దున ఆరింటికి ఫోన్ చేసింది ప్రేమ. సమావేశాలు నడిచినన్నాళ్ళూ విజయవాడలోనే ఉంటుంది. "ఏవండీ, మంత్రిగారి జవాబు కాపీ వచ్చింది. రాళ్ళగూడెం హైస్కూల్లో నాలుగు అదనపు గదులూ పూర్తయినవి అని రాశారు. పిల్లలు ఆరుబయట కూర్చుంటున్నారా అంటే, ప్రశ్న ఉత్పన్నం కాదు అని. మీరోసారి వెళ్ళి చూసొస్తారా? పూర్తయినా సరే, కాకపోయినా సరే, చూసింది చూసినట్టు పదిలోపు చెప్పండి చాలు." "జాయిస్ ఉందిగా, అడుగు." "సర్వీసులో ఉన్నవాళ్ళని ఇరికించకూడదని మీరేగా నేర్పింది. దానికి మెమో ఇస్తారు." నిజమే, అది అతను పెట్టిన నియమమే. అతను పెట్టిన నియమాలన్నీ ఇప్పుడు ఆమెవే. వెళ్ళి చూసొస్తారా! అటెండరుని పంపినట్టు. అయినా లేచాడు, టిఫిన్ కూడా చెయ్యకుండా నందిగామలో బస్సెక్కాడు, చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేటలో దిగాడు, ముక్త్యాల రోడ్డులో ఆటో. ముందు సిమెంటు లారీ, వెనక సిమెంటు లారీ. అటూ ఇటూ కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి, ఆ ఘాటుకి ఆటోవాడు తుమ్మితే బండి తుమ్మినట్టయింది. దారి పొడుగునా ఏలీయా ప్రార్థన లాంటిదేదో చేసుకున్నాడు. ప్రార్థన అనకూడదు దాన్ని. గదులు పూర్తయి ఉంటే బాగుండును అనుకున్నాడు. పిల్లల కోసం కాదు. పూర్తయి ఉంటే తొమ్మిదిన్నరకల్లా ఫోన్ చేసి, ప్రేమా, నీ ప్రశ్న తప్పు, అధికారులు చెప్పిందే కరెక్టు అని చెప్పొచ్చు. ఆ వాక్యాన్ని రెండు మూడు రకాలుగా తయారు చేసుకున్నాడు కూడా. తీరా వస్తే పిల్లర్లు.

ఆమె కాదు, అసలు అక్కడ నిలబడాల్సింది తను. ఆ మాట ఇప్పటివరకూ ఒక్క మనిషితో పైకి అనలేదు. అనక్కర్లేదు, అందరికీ తెలుసు. ఉపాధ్యాయ ఎమ్మెల్సీ సీటు ఖాళీ అవుతుందంటే జిల్లాలో రెండో పేరు వినపడలేదు. నామినేషన్ కాగితం మీద ప్రతిపాదించే ఓటర్లు పదిమంది కావాలి. పదిమందినీ ఏరి ఏరి పెట్టుకున్నాడు, పదిమందీ హెడ్మాస్టర్లే. ఎవరైనా ఆ కాగితం చూస్తే కళ్ళు తిరగాలి. పదో సంతకం బ్రహ్మయ్య మాస్టారిది, వీరులపాడు. తెల్లటి మీసాలు, జిల్లా అంతా శిష్యులే. ఏ కారణం చేతనైనా తన కాగితం పోతే ఒకటి చేతిలో ఉండాలని అందరూ చేసేదే డమ్మీ నామినేషన్, అది ఇంట్లోవాళ్ళ పేరు మీద వేస్తారు. ప్రేమ అంతకు ముందేడే అత్తగారు పున్నమ్మ మంచం పడితే చూసుకోవడానికి స్వచ్ఛంద విరమణ తీసుకుంది. "ఇక్కడో సంతకం పెట్టు" అంటే కూర కలుపుతూ వచ్చి పెట్టింది. ఆమె కాగితానికి పదిమందిని వెతకడానికి పెద్ద టైము కూడా పెట్టలేదు. నందిగామ గాంధీ సెంటర్లో టీ కొట్టు దగ్గర సాయంత్రం పూట చేరే కుర్ర టీచర్లు, అందులో ఈ జాయిస్ ఒకతె, టీ గ్లాసు ఓ చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో గీకేశారు. పరిశీలన రోజున రిటర్నింగ్ అధికారి అతని కాగితం ముందేసుకుని, పేర్లు జాబితాతో సరిచూసి, మళ్ళీ సరిచూసి, తల ఎత్తకుండానే అన్నాడు. "తొమ్మిదిమందే ఉన్నారండి." బ్రహ్మయ్యగారు రిటైరయి అయిదేళ్ళు. ఈ ఎన్నికకి జాబితా ప్రతిసారీ కొత్తగా రాస్తారు, ఇటీవల పాఠం చెప్పినవాళ్ళకే ఓటు. పాత జాబితాలో నంబరు చూసి రాసేశారు. టీ కొట్టు పిల్లలు పదిమందికీ ఓట్లున్నాయి. అంతే. ఒక పెద్దమనిషి మీసాల మీద గౌరవం, దాని మీద తన గొప్ప. ఒక సంతకం. డమ్మీ అభ్యర్థి అసలు అభ్యర్థి అయింది.

తర్వాత ఊరూరూ తిరిగింది తనే. ప్రచారమంతా తన గొంతే. "మేడమ్‌కి వేస్తే నాకు వేసినట్టే" అన్నాడు, జనం నవ్వి చప్పట్లు కొట్టారు, నిజంగానే అలా అనుకుని వేశారు. తనూ అనుకున్నాడు. గెలిచిన రాత్రి దండలన్నీ అతని మెళ్ళోనే పడ్డాయి, ప్రేమ వెనకెక్కడో నిలబడి చెప్పులు వెతుక్కుంటోంది. మొదటి సమావేశాలకి ప్రశ్నలన్నీ తనే రాశాడు, ఉప ప్రశ్నలు రాశాడు, ఎక్కడ గొంతు పెంచాలో గీత గీశాడు. ఆమె చదివింది. రెండో సమావేశాలకి ఆ కాగితాలు తిరిగిచ్చింది. కోపంగా కాదు. వంటగదిలో, చపాతీలు వత్తుతూ. "మీవి ప్రశ్నల్లా ఉండవండీ. ఉపన్యాసాల్లా ఉంటాయి. మంత్రిగారు ఆ పొడుగులో తనకి కావాల్సిన ముక్క తీసుకుని దానికే జవాబు చెబుతున్నారు." చెప్పిన విషయంలో తప్పు దొరికితే బాగుండేది. దొరకలేదు. ఆ చపాతీలు తిన్నాడు.

ఫోన్లో చైర్మన్ గొంతు. నాలుగో ప్రశ్న, మంత్రిగారు ఊళ్ళో లేరు, వాయిదా. ఏలీయా కుర్చీలో ముందుకి జరిగాడు. వాయిదా పడుతుందని లెక్కవేసుకోలేదు. అయిదో నంబరు, తాగునీరు. అంటే ఆరోది తోసుకొచ్చేస్తోంది. కెమెరా ఒకసారి సభంతా తిప్పారు, మూడో వరసలో ప్రేమ. కొత్త కళ్ళజోడు. అది ఎప్పుడు కొన్నదో తెలీదు. ఫ్రేమ్ బాగానే ఉంది, అదీ కోపం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె కళ్ళజోడు తనే కొనేవాడు, జగ్గయ్యపేటలో ఒకే షాపు, ఒకే నల్ల ఫ్రేమ్. బోడకాకరపువ్వు లాంటి పసుపు రంగు చీర. పక్క సీటాయన ఏదో అంటే తల వంచి వింది, నవ్వింది. ఏమన్నాడు? మండలిలో ఉన్నవాళ్ళందరూ ఆమెతో మాట్లాడగలరు, తను తప్ప. తను ప్రత్యక్ష ప్రసారం చూడగలడు. అదీ ముప్పావు నిమిషం ఆలస్యంగా. ఒకసారి ఆమె బ్రేకులో ఫోన్ చేస్తే, ఫోన్లో మాట్లాడుతున్న మనిషి తెరమీద ఇంకా సభలోనే కూర్చుని కనపడింది. అప్పుడు కొలిచాడు, నలభై అయిదు సెకన్లు. తను చూసే ప్రేమ ఎప్పుడూ కాస్త పాత ప్రేమ.

ఒకసారి గ్యాలరీకి వెళ్ళాడు. పాస్ మీద ‘సంబంధం’ అన్నచోట గుమస్తా అడగకుండానే ‘భర్త’ అని రాశాడు. లోపల కాలు మీద కాలు వేసుకోకూడదన్నారు. పై నుంచి ఆమె నడినెత్తి కనపడింది, పాపిట దగ్గర తెల్లబడ్డ చోటు. ఆ రోజు ఆమె మంత్రిని అడిగింది చూశాడు. ఒక చిన్న ప్రశ్న. మంత్రి చెప్పాడు. ఆమె కూర్చోలేదు, గొంతు పెంచలేదు. "ఆ తర్వాత?" అని ఊరుకుంది. లెక్కల టీచరు. ఇరవై ఎనిమిదేళ్ళు నల్లబల్ల దగ్గర పిల్లవాణ్ణి నిలబెట్టి, వాడు ఒక మెట్టు వేశాక "ఆ తర్వాత?" అని ఊరుకునేది. తప్పు మెట్టు వేసినవాడు ఆ మౌనంలో తన తప్పు తనే చూసుకుని చెరిపేసుకునేవాడు. మంత్రీ అంతే. ఖాళీని నింపకుండా ఉండలేక ఒక మాట, దాన్ని సర్దడానికి ఇంకో మాట, చివరికి తనే ఒప్పేసుకున్నాడు. గ్యాలరీలో ఏలీయా ముందుకి వంగాడు. ఇన్నేళ్ళు తను మైకు పట్టుకుని కలెక్టరాఫీసుల ముందు అరిచిన అరుపులన్నీ ఏమైనట్టు? పాల్గొన్న ప్రతి చర్చలోనూ రెండు సెకన్ల నిశ్శబ్దాన్ని తను భరించలేకపోయాడు. ఆ విద్య తన ఇంట్లోనే ఉంది, తన పక్క గదిలో పిల్లలకి ట్యూషన్ చెబుతూ. ఒక్కసారి తొంగిచూసిన పాపాన పోలేదు.

నందిగామలో ఇంటి గోడకి ఇప్పటికీ తన పేరు పలక ఉంది, ఎమ్మే, బీఈడీ. దాని పైన ఆమెది కొట్టించారు సంఘం వాళ్ళు, ఇత్తడిది. ఉత్తరాలు ఆమెకి. శుభలేఖల మీద ఆమె పేరు ముందు. చర్చిలో అనౌన్స్‌మెంట్‌లో ఆమె పేరు ముందు, ‘మరియు వారి భర్తగారు’. ఈ ‘మరియు’ దగ్గర తలెత్తి చూసేవాళ్ళని లెక్కపెట్టుకుంటాడు. ఆమె మాత్రం అతనితో మారలేదు, అదే పెద్ద చిక్కు. గొప్ప చూపిస్తే తిట్టుకోవచ్చు. ఇప్పటికీ అన్నం పెట్టేటప్పుడు ముందు అతనికే. ఇప్పటికీ "ఏవండీ". ఇప్పటికీ అతను చెప్పేది పూర్తిగా వింటుంది, విని తన పని తను చేస్తుంది.

అదిగో, జాయిస్ వరండాలోంచి చూస్తోంది. ఒంటిపూట బడి, వరండాలో తొమ్మిదో తరగతి, మెట్ల మీద ఎనిమిది, పక్కనున్న చర్చి గోడ నీడలో ఆరూ ఏడూ కలిపి. నీడ జరిగినకొద్దీ ఆరో తరగతి పుస్తకాలెత్తుకుని జరుగుతోంది; తొమ్మిదింబావు నుంచీ మూడుసార్లు జరిగింది. ఇందాక టీ ఇస్తూ జాయిస్ గొంతు తగ్గించి అంది. "పూర్తయినట్టు సంతకం పెట్టమన్నారు సార్. నేను పెట్టలా. ఇవాళ సభలో పూర్తయిందని ఖాయమైపోతే ఇంక నేను పెట్టక తప్పదు. లేకపోతే ఎక్కడికి పంపిస్తారో." ఏలీయా తల ఊపాడు. మెసేజ్ అప్పటికే జేబులో ఉంది. ఆ పిల్ల తన నోట ఒక్క మాట కోసం చూసింది. "చూద్దాం" అన్నాడు. చూద్దాం! మంత్రులనే మాట.

పంపడని కాదు. పంపుతాడు. తను దుర్మార్గుడు కాదు. ఒక్క అరనిమిషం. ఆమె లేచి నిలబడాలి, మంత్రి పూర్తయినవి అనాలి, ఆమె దగ్గర ఆధారం ఉండకూడదు, తల వంచి ఫోన్ చూసుకోవాలి. ఏవండీ అనుకోవాలి మనసులో. అది తను చూడాలి. కొత్త కళ్ళజోడులోంచి ఆమె తన కోసం వెతకడం ఒక్కసారి కళ్ళారా చూడాలి. అప్పుడు పంపుతాడు. ఠకీమని మోగుతుంది. ఆమె చదువుతుంది, తలెత్తుతుంది, మంత్రి పని అయిపోతుంది, ఆమెకి జన్మంతా తెలుస్తుంది ఎవరి వల్ల అయిందో. ఇందులో పిల్లలకి నష్టమేముంది? జాయిస్‌కి నష్టమేముంది? ఎవరికీ ఏమీ కాదు. అరనిమిషం. ఇంత జీవితంలో అరనిమిషం తనకి బాకీ లేరా వీళ్ళందరూ?

"ఆరో ప్రశ్న. శ్రీమతి ప్రేమకుమారిగారు."

ఏలీయా బొటనవేలు బాణం గుర్తు మీదికి వెళ్ళి, తాకకుండా, గాల్లో ఆగింది. తెర మీద మంత్రి లేచి, "సమాధానం సభ ముందు ఉంచడమైనది అధ్యక్షా" అని కూర్చోబోయాడు. ప్రేమ లేచింది. ఉపన్యాసం లేదు. "అధ్యక్షా, నాలుగు గదులూ పూర్తయ్యాయన్నారు మంత్రిగారు. సంతోషం. తలుపులకి ఏ రంగు వేశారండి?"

సభ నవ్వింది. చైర్మన్ కూడా. మంత్రి నవ్వుతూనే ఫైలు తిరగేశాడు, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎంత చక్కగా వేసింది! తను ఇదే అడగాలంటే పది నిమిషాలు బడుల చరిత్ర చెప్పేవాడు. ఈ ప్రశ్న తనకెందుకు తట్టదు, ఇన్ని పుస్తకాలు చదివిన తలకి? అధికారుల వైపు నుంచి ఒక చీటీ చేతులు మారి మంత్రి దగ్గరికి వచ్చింది. "నీలం రంగు అధ్యక్షా." "నాలుగింటికీనా?" "నాలుగింటికీ." "ఆ తర్వాత?" "తర్వాతేముందమ్మా? నీలం రంగు వేశాం, పిల్లలు హాయిగా కూర్చుని చదువుకుంటున్నారు. మా సోదరి ప్రేమకుమారిగారు అనవసరంగా కంగారు పడుతున్నారు. ఆవిడ ఆ ఊరు వెళ్ళి చూశారా అని నేనడుగుతున్నాను!" అటువైపు బల్లలు చరిచారు. చైర్మన్ "వెళ్ళారామ్మా?" అన్నట్టు చూశాడు.

అదిగో. ప్రేమ తల వంచింది. బల్ల కింద చేతిలో ఫోన్, అటు చూసింది. ఏలీయాకి ఒళ్ళంతా వెచ్చబడింది. చూస్తోంది. తన కోసం. ఎడమ చెయ్యి వెనక కొంగు చివర పట్టుకుంది, నలుపుతోంది. ఇరవై మూడేళ్ళ వయసులో పెళ్ళిచూపుల్లో అలాగే నలిపింది. ఇంకొక్క క్షణం. ఇంకొక్క—

నలభై అయిదు సెకన్లు.

ఇది ఇప్పుడు జరగడం లేదు. ఇది అయిపోయింది. ఆమె వెతికింది, దొరకలేదు, ఆ తర్వాత ఏం చెయ్యాలో అది చేసేసింది, తను ఇంకా ఆమె వెతుకుతున్నది చూసి మురిసిపోతున్నాడు. ఇప్పుడు నొక్కినా ఆ మెసేజ్ వెళ్ళి పడేది అయిపోయిన ప్రశ్న మీద. వేలు గాల్లోనే ఉండిపోయింది. ప్రేమ కూర్చుండిపోయి ఉంటుంది. క్షమించండి అధ్యక్షా అని ఉంటుంది. ఈ ఊరి పేరు మీద ‘పూర్తయినవి’ అని అచ్చుపడిపోయి ఉంటుంది. ఆరో తరగతి మళ్ళీ పుస్తకాలెత్తుకుని జరుగుతోంది, ఒక పిల్ల కంపాస్ బాక్సు కింద పడింది.

తెర మీద ప్రేమ తలెత్తింది. కొంగు వదిలేసింది.

"నేను వెళ్ళలేదు అధ్యక్షా. అయినా చెబుతున్నాను. ఆ గదులు పూర్తి కాలేదు. బాధ్యతతో చెబుతున్నాను. నా మాట తప్పని తేలితే రేపు ఇదే చోట నిలబడి మంత్రిగారికి క్షమాపణ చెబుతాను. నిజమని తేలితే మంత్రిగారు ఏం చేస్తారో అదొక్కటి చెప్పమనండి."

గొడవ. ఎవరో లేచారు, ఎవరో కూర్చోమన్నారు. మంత్రి చీటీ వైపు చూశాడు, చీటీ పంపినవాళ్ళ వైపు చూశాడు. నీలం రంగు మొహంలో కాస్త కనపడింది. "తనిఖీ చేయిస్తాం అధ్యక్షా." "ఆ తర్వాత?" "నివేదిక తెప్పించుకుని..." ప్రేమ ఏమీ అనలేదు. నిలబడే ఉంది. ఒకటి, రెండు, మూడు. ఏలీయా లోపల లెక్కపెడుతున్నాడు. నాలుగు, అయిదు. "శనివారం నేనే స్వయంగా వెళ్ళి చూస్తాను అధ్యక్షా! తేడా ఉంటే బాధ్యుల మీద చర్య తీసుకుని, జూన్‌లో బడి తెరిచేలోగా గదులు పూర్తి చేయిస్తాను." చైర్మన్ అందుకున్నాడు. "మంత్రిగారు హామీ ఇచ్చారు. రికార్డులోకి వెళ్ళింది. ఏడో ప్రశ్న."

ఎవరు చెప్పారు ఆమెకి? అంత గట్టిగా, క్షమాపణ పందెం కట్టేంత గట్టిగా! ఎవరో ఉన్నారు. ఈ ఊళ్ళో ఆమెకి ఎవరో ఉన్నారు, తనకన్నా ముందు ఆమెకి చెప్పే మనిషి. జాయిసా? చేతిలో సుద్దముక్క తప్ప ఏమీ లేదు, గంట నుంచీ పాఠం చెబుతోంది. లెక్కల మాస్టారా, ఆ నాలుగుసార్లు చూసిన మహాతల్లి భర్త? అతను ఫోన్ పట్టుకుని గేటు దగ్గర తిరిగాడు ఇందాక. అయి ఉంటుంది. తనని పంపి, ఇంకొకణ్ణి కూడా అడిగిందన్నమాట. అంతకన్నా అవమానం ఉందా? తన మాట మీద నమ్మకం లేక. తను చెప్పకపోవచ్చని ముందే అనుకుని. చెప్పలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అయినా కోపం తగ్గలేదు. ఆ మాస్టారి మొహం, ఆ చెయ్యి కలపడం, ఆ పళ్ళు.

జాయిస్ పరిగెత్తుకొచ్చింది. స్టాఫురూములో ఎవరో ప్రసారం పెట్టుకున్నట్టున్నారు. కళ్ళనిండా నీళ్ళు. "సార్! మీరు పంపించిన మెసేజేగా సార్? మీరు ఇక్కడుండి చెప్పబట్టి మేడమ్ అంత ధైర్యంగా నిలబడ్డారు. నాకు సంతకం గండం తప్పింది సార్." వంగి అతని చేతులు పట్టుకుంది, సుద్దపొడి అంటింది. రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట. ఈ మాట ఎవరి నోటనైనా వినాలని ఎన్ని రాత్రులు! ఏలీయాకి పెదవుల నవ్వు కూడా రాలేదు. "నీళ్ళున్నాయా అమ్మా" అన్నాడు.

ఆమె నీళ్ళకి వెళ్ళగానే ఫోన్ మోగింది. ప్రేమ. వెనక జనం గోల, లాబీలోంచి.

"ఏవండీ, చూశారా?"

"చూశా. ఎవరు చెప్పారు నీకు?"

"ఏది?"

"గదులు పూర్తవలేదని. ఎవరు చెప్పారు? ఆ లెక్కలాయనేనా?"

"ఏ లెక్కలాయన? మీరే చెప్పారుగా."

"నేనేం చెప్పలా."

"అదే నేననేది." ఎవరికో నమస్కారమండీ అని, మళ్ళీ దగ్గరికొచ్చింది గొంతు. "ముప్పై ఆరేళ్ళు కాపురం చేశానండీ మీతో. గదులు పూర్తయి ఉంటే, నీ ప్రశ్న తప్పు ప్రేమా, పరువు పోతుంది, వెనక్కి తీసుకో అని చెప్పకుండా మీరు ఒక్క నిమిషం ఉండగలరా? తొమ్మిదిన్నర దాకా చూశా. పదయింది. నేను లేచేవేళకి కూడా రాలా. ఇంక గదులు లేవని ఖాయం చేసుకున్నా."

ఎదురుగా పిల్లర్ల మీద ఎండ. సీటు పోయింది, మైకు పోయింది, గోడ మీద పలక కిందికి దిగింది. తనదంటూ ఒక్క మౌనం దాచుకుంటే, దాన్ని కూడా తీసుకెళ్ళి సభలో వాడేసింది. పైగా సరిగ్గా వాడింది. కోప్పడటానికి ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. ఎప్పట్నుంచి తెలుసు ఆమెకి? చపాతీల రోజు నుంచా? అంతకు ముందు నుంచా? తెలిసీ అన్నం ముందు తనకే పెట్టిందా?

"తప్పయి ఉంటే?" అన్నాడు చివరికి.

"రేపు క్షమాపణ చెప్పేదాన్ని. ఇంకేం చేస్తాం? భయానికి కొంగు నలిపానండీ. టీవీలో కనపడిందా?"

"కనపడలా."

"నిజంగా?"

"కనపడలేదన్నాగా."

"సరే, వినండి. శనివారం ఆయన వచ్చేలోగా రాత్రికి రాత్రి ఏదో ఒకటి లేపి నీలం రంగు పూసినా పూస్తారు. ఇవాళే చైర్మన్‌గారికి ఉత్తరం ఇవ్వాలి, ఇవాళ్టికి అక్కడ ఏముందో ఉన్నదున్నట్టు. కాగితం పట్టుకున్నా. చెప్పండి, పిల్లర్లు ఎన్ని?"

ఏలీయా గొంతు సవరించుకున్నాడు.

"పదిహేను. మూడు వరసలు, వరసకి అయిదు. చివరి మూడింటికి ఊచలు కోసుకుపోయారు."

"పదిహేనా? ఖచ్చితంగానా?"

"రెండుసార్లు లెక్కపెట్టా."